మొదటి వివాహ సంతానంతో విదేశంలో స్థిరపడాలంటే తండ్రి నోటిమాట సమ్మతి చాలుతుందా?

ప్రశ్న: నాకు విదేశంలో దీర్ఘకాలిక ఉద్యోగం వచ్చింది. కుటుంబంతో సహా వెళ్లి అక్కడే స్థిరపడాలని నిర్ణయించుకున్నాం. మాకు ఇద్దరు పిల్లలు. తొమ్మిదేళ్ల అమ్మాయి నా భార్య మొదటి వివాహంలో పుట్టిన పిల్ల, మూడేళ్ల బాబు మా ఇద్దరి సంతానం. విడాకుల తీర్పులో అమ్మాయి తల్లి వద్దే పెరగాలని, తండ్రి సెలవుల్లో వచ్చి చూడవచ్చని ఉంది. మా ప్రయాణం సంగతి చెబితే ఆయన ఫోన్‌లో ‘తీసుకెళ్లండి, నాకేం అభ్యంతరం లేదు’ అన్నారు. ఇది చాలుతుందా? రేపు ఆయన మనసు మార్చుకుంటే ఏమవుతుంది? బయలుదేరే ముందు చట్టపరంగా ఇంకా ఏం చూసుకోవాలి?

జవాబు: చాలదు. వీసా, ఉద్యోగ ఒప్పందం, ఇల్లు ఖాళీ చేయడం వంటి పనులన్నిటికంటే ముందు మీరు తేల్చుకోవలసింది ఈ ఒక్క విషయమే కాబట్టి ముందుగా దీనినే వివరంగా రాస్తున్నాను. ఏ దేశం నుంచి ఏ దేశానికి వెళ్తున్నారో మీరు తెలుపలేదు. అందువల్ల ఒక దేశపు చట్టానికి పరిమితం కాకుండా, ఇటువంటి వివాదాల్లో ఎక్కువ దేశాల కోర్టులు పాటించే సూత్రాలను ఆధారం చేసుకుని చెబుతాను.

అమ్మాయి తల్లి వద్ద ఉండాలని తీర్పులో ఉన్నంత మాత్రాన తండ్రికి ఉన్న హక్కులన్నీ పోయినట్లు కాదు. పిల్ల రోజూ ఎవరి సంరక్షణలో ఉండాలన్నది ఒక ప్రశ్న, ఏ దేశంలో పెరగాలన్నది వేరొక ప్రశ్న. పిల్లల అంతర్జాతీయ అపహరణ విషయమై 1980 అక్టోబరు 25న హేగ్‌లో కుదిరిన ఒడంబడిక, తన ఐదో అధికరణంలో, పిల్లల నివాస స్థలాన్ని నిర్ణయించే హక్కు కూడా సంరక్షణ హక్కులో భాగమేనని చెబుతోంది. ఆ హక్కు మీ విషయంలో తల్లికి ఒక్కరికే ఉందా, తండ్రికి కూడా ఉందా, లేక కోర్టు తన చేతిలోనే ఉంచుకుందా అన్నది తీర్పు మొదటి పేజీలో తేలదు. ‘కోర్టు అనుమతి లేనిదే మైనరును దేశం దాటించరాదు’ అన్న షరతు సాధారణంగా చివరి పేరాల్లో, సందర్శన వేళల పక్కన ఒక్క వాక్యంగా ఉంటుంది. తీర్పు ధ్రువీకృత నకలు తెప్పించుకుని చివరి వరకు చదవండి. అటువంటి షరతు లేకపోయినా, మీ దేశపు చట్టం ప్రకారం తండ్రి ఇప్పటికీ సహ సంరక్షకుడే అయితే ఆయన సమ్మతి లేకుండా ప్రయాణం కట్టుకోవద్దు.

సమ్మతి లేకుండా తీసుకెళ్తే జరిగేది ఇది. రెండు దేశాల మధ్య ఆ ఒడంబడిక అమలులో ఉంటే (ఇప్పటికి 100కు పైగా దేశాలు అందులో చేరాయి), తండ్రి తన దేశంలోని కేంద్రాధికార సంస్థ (ఈ ఒడంబడిక పనులు చూసే ప్రభుత్వ సంస్థ) ద్వారా అమ్మాయిని వెనక్కి పంపమని కోరవచ్చు. పిల్ల వెళ్లిన నాటి నుంచి ఏడాది లోపు అక్కడి కోర్టులో దరఖాస్తు పెడితే, కొద్దిపాటి మినహాయింపులు తప్ప, ఆ కోర్టు తిప్పి పంపమనే ఉత్తర్వు ఇవ్వాలి. ఆరు వారాల్లో నిర్ణయం తేలాలన్నది ఒడంబడిక ఉద్దేశం. ఏడాది దాటితే, పిల్ల కొత్త వాతావరణంలో కుదురుకుందా అన్నది కూడా కోర్టు చూస్తుంది. పదహారేళ్లు నిండిన పిల్లలకు ఇది వర్తించదు. తల్లి బాగా పెంచుతోందా, సవతి తండ్రి ప్రేమగా ఉన్నాడా అన్న విచారణకు ఆ దశలో చోటు లేదు. కన్నతల్లి తన బిడ్డను వెంట తీసుకెళ్లడాన్ని అపహరణ అనడం మీకు బాధ కలిగించవచ్చు, కాని తండ్రికో కోర్టుకో ఉన్న హక్కును అతిక్రమించి జరిగిన ప్రయాణానికి చట్టం ఆ పేరే పెట్టింది. ఒడంబడిక వర్తించని దేశమైతే అక్కడి కోర్టు పిల్ల క్షేమాన్ని బట్టి తానే నిర్ణయిస్తుంది. అయితే అప్పటికే ఉన్న తీర్పును ఉల్లంఘించి వచ్చారన్న సంగతి మీకు వ్యతిరేకంగానే నిలుస్తుంది, పైగా ఇక్కడ కోర్టు ధిక్కరణ కేసు ఎదుర్కోవలసి రావచ్చు.

ఇక సమ్మతి పత్రం గురించి. నా ముందుకు వచ్చే పత్రాల్లో చాలా వాటిలో ‘మా అమ్మాయి తల్లితో కలిసి విదేశానికి వెళ్లుటకు నాకు ఎట్టి అభ్యంతరము లేదు’ అన్న ఒక్క వాక్యం, కింద సంతకం, నోటరీ ముద్ర మాత్రమే ఉంటాయి. విమానాశ్రయంలో అధికారి అడిగితే ఈ కాగితం పనికి వస్తుంది, కోర్టులో నిలబడదు. వెళ్లడానికి ఒప్పుకున్నాను గాని అక్కడే ఉండిపోవడానికి కాదు, సెలవులకు అనుకున్నాను అని తండ్రి వాదించినప్పుడు ఆ వాక్యంలో దానికి జవాబు లేదు. తిరిగి రావలసిన గడువు దాటాక పిల్లను అట్టే పెట్టుకోవడం కూడా ఒడంబడిక దృష్టిలో తీసుకెళ్లడంతో సమానమైన తప్పే. అందుచేత పత్రంలో ‘నా కుమార్తె ఫలానా దేశంలో తల్లితో శాశ్వతంగా నివసించుటకు, అచ్చటనే చదువుకొనుటకు, ఆ దేశమునే తన సాధారణ నివాసముగా చేసుకొనుటకు నేను సమ్మతించుచున్నాను’ అని స్పష్టంగా ఉండాలి. దాని వెంటే తండ్రికి దక్కవలసినవి కూడా రాయాలి. వారంలో ఏ రోజు వీడియో కాల్‌లో మాట్లాడిస్తారు, ఏ సెలవుల్లో పంపిస్తారు, టికెట్టు ఖర్చు ఎవరిది, చిరునామా మారితే ఎన్ని రోజుల్లో తెలియజేస్తారు అన్నవి మీ అంతట మీరే ముందుకు వచ్చి రాసి ఇవ్వండి. వేల మైళ్ల దూరాన కూతురిని వదులుకుంటున్న మనిషికి ఇవ్వవలసిన కనీస భరోసా అది, కోర్టులు కూడా మీ చిత్తశుద్ధిని దాన్ని బట్టే అంచనా వేస్తాయి.

ఆ పత్రాన్ని కూడా అంతటితో వదలకండి. విడాకుల తీర్పు ఇచ్చిన కోర్టులోనే ఇద్దరూ కలిసి అర్జీ పెట్టుకుని, ఆ షరతులతో ఉత్తర్వు తీసుకోండి. మీరు అడిగిన ‘మనసు మార్చుకుంటే’ అన్న ప్రశ్నకు ఇదే సరైన జవాబు. ఉత్త సమ్మతిని ప్రయాణానికి ముందు సాధారణంగా వెనక్కి తీసుకోవచ్చు. మనస్ఫూర్తిగా ఇచ్చిన సమ్మతి మీద మీరు వెళ్లి స్థిరపడ్డాక మాత్రం, ఆ తర్వాత ఆయన కాదంటే కోర్టులు ఒప్పుకోవు. కోర్టు ఉత్తర్వును మార్చాలంటే ఆయన అదే కోర్టుకు వచ్చి కారణం చూపవలసి ఉంటుంది. వీలైతే అదే షరతులతో మీరు వెళ్లే దేశపు కోర్టులోనూ ఒక ఉత్తర్వు తీసుకోవడం మంచిది. దీనిని మిర్రర్ ఆర్డర్ అంటారు. ఆయన సమ్మతించకపోతే, తల్లి తరఫున కోర్టు అనుమతి కోరుతూ పిటిషన్ వేయాలి. అక్కడ జడ్జి తొమ్మిదేళ్ల అమ్మాయిని విడిగా కూర్చోబెట్టి మాట్లాడవచ్చు. దయచేసి ఆ పిల్లకు ఏం చెప్పాలో నేర్పించకండి. ఉత్తర్వు చేతికి రానిదే టికెట్లు కొనకండి, స్కూల్లో టీసీ తీసుకోకండి.

మీ సంగతి కూడా ఒకటి చెప్పాలి. తల్లిని వివాహం చేసుకున్నంత మాత్రాన మీరు ఆ అమ్మాయికి చట్టబద్ధ సంరక్షకులు కారు. కొత్త దేశంలో ఆసుపత్రిలో శస్త్రచికిత్సకు సంతకం పెట్టవలసి వచ్చి, ఆ సమయానికి మీ శ్రీమతి అందుబాటులో లేకపోతే మీ సంతకం చెల్లకపోవచ్చు. అక్కడి చట్టం ఏ రూపంలో అంగీకరిస్తుందో కనుక్కుని, ఆమె చేత మీ పేర అధికార పత్రం రాయించి ఉంచుకోండి.

పత్రాల విషయానికి వస్తే, వివాహ ధ్రువపత్రం, పిల్లల జనన ధ్రువపత్రాలు, విడాకుల తీర్పు, ఈ కొత్త ఉత్తర్వు, వీటన్నిటికీ అపోస్టిల్ (విదేశాల్లో చెల్లేలా జతచేసే అధికారిక ధ్రువీకరణ) చేయించండి. 1961 అక్టోబరు 5 నాటి హేగ్ ఒడంబడిక కింద 120కి పైగా దేశాలు దీనిని గుర్తిస్తాయి. చదరంగా, వరుస సంఖ్యలు వేసిన పది గడులతో, పైన ఫ్రెంచి శీర్షికతో ఉండే ఆ చిన్న పత్రం సంతకమూ హోదా ముద్రా నిజమైనవని మాత్రమే ధ్రువీకరిస్తుంది, లోపలి విషయం నిజమని కాదు. కాబట్టి అమ్మాయి జనన ధ్రువపత్రంలో ఒక ఇంటిపేరు, పాస్‌పోర్టులో మరొక ఇంటిపేరు ఉంటే అపోస్టిల్ దాన్ని సరిచేయదు. ఆ తేడాను ముందే సవరించుకోవాలి.

చివరి విషయం మీ శ్రీమతితో కలిసి కూర్చుని చదవండి. ఆమె, పిల్లలు వెళ్లేది మీ మీద ఆధారపడిన వీసాపై అయితే, మీ ఉద్యోగం పోయినా, మీ దాంపత్యం దెబ్బతిన్నా అక్కడ ఆమె ఉండే అర్హతే ప్రశ్నార్థకం కావచ్చు. ఆమెకు అక్కడ పని చేసే హక్కు ఉందా, సొంతంగా నివాస అనుమతి ఎప్పటికి వస్తుంది, పిల్లలు ఏ వయసు దాటితే ఆధారితులుగా పరిగణించరు అన్నవి వీసా షరతుల్లో చూసి, ఆమెకు కూడా తెలిసేలా రాసి పెట్టుకోండి. అంతకంటే ముఖ్యం, కొంతకాలానికి ఆ దేశమే మీ బాబుకు సాధారణ నివాసం అవుతుంది. అప్పుడు ఆమెకు అక్కడ ఇమడలేక బాబుతో వెనక్కి వచ్చేయాలనిపిస్తే ఆమెకు మీ సమ్మతి కావాలి, మీరు తీసుకుని వచ్చేయాలనుకుంటే మీకు ఆమె సమ్మతి కావాలి. ఈ రోజు అమ్మాయి తండ్రి ముందు మీరు నిలబడి ఉన్న చోటే రేపు మీలో ఒకరు మరొకరి ముందు నిలబడవలసి రావచ్చు. ఆ సంగతి ఆమె బయలుదేరే ముందే తెలుసుకుని ఒప్పుకోవాలి, అక్కడికి చేరాక ఎవరో చెప్పగా కాదు.