సెక్షన్ 30 అమల్లో ఉందంటే ర్యాలీ చేసుకోకూడదనా?

మీ కాలనీకి తాగునీళ్లు రావడం లేదని, ఒంగోలు చర్చి సెంటర్ నుంచి ప్రకాశం భవన్ దాకా ర్యాలీగా వెళ్లి కలెక్టర్‌కి అర్జీ ఇస్తామంటే స్టేషన్‌లో "సెక్షన్ 30 ఉంది, కుదరదు" అన్నారని రాశారు. రాజ్యాంగం ఇచ్చిన హక్కును అలా కాదనొచ్చా అని అడిగారు. ఇలాంటి అర్జీలు రాసిపెడుతుంటాను కాబట్టి వివరంగా చెబుతాను.

ఆ ఒక్క మాటతో కాదనడం కుదరదండీ. 1861 పోలీసు చట్టంలోని సెక్షన్ 30 ఊరేగింపు ఏ దారిన, ఏ వేళకు వెళ్లాలో చెప్పడానికీ, శాంతిభద్రతలకు భంగం కలుగుతుందనుకుంటే ముందుగా లైసెన్సు తీసుకోమనడానికీ ఉంది. అసలు జరపొద్దనడానికి కాదు. లైసెన్సుకు రుసుము తీసుకోకూడదని కూడా అందులోనే రాసుంది.

అలా మొత్తంగా కట్టడి చేస్తే ఏమవుతుందో చెప్పడానికి మన దగ్గరి ఉదాహరణే ఉంది. 2022 డిసెంబరు 28న కందుకూరులో (అప్పటికి నెల్లూరు జిల్లా) రోడ్‌షోలో తొక్కిసలాట జరిగి ఎనిమిది మంది చనిపోయారు. జనవరి 1న గుంటూరులో మరో ముగ్గురు. మర్నాడే రోడ్ల మీద సభలను కట్టడి చేస్తూ ప్రభుత్వం జీవో నంబర్ 1 ఇచ్చింది. 2023 మే 12న హైకోర్టు దాన్ని కొట్టేసింది. అయినా ఆ చావులను మర్చిపోకూడదు. జనం ఎంతమంది, చోటు ఎంత అని పోలీసులు అడిగితే అది వేధింపు కాదు, అడగాల్సిన ప్రశ్నే.

రాజ్యాంగంలోని 19(1)(బి) అధికరణ కింద మనకున్నది శాంతియుతంగా, ఆయుధాలు లేకుండా గుమిగూడే హక్కు. దానికి 19(3) పెట్టిన హద్దులు రెండే: దేశ సార్వభౌమత్వం, సమగ్రత ఒకటి, శాంతిభద్రతలు రెండోది. అదీ సహేతుకంగా ఉండాలి.

జనం గుమిగూడకుండా నిషేధించే 144 సంగతి వేరు. ఇప్పుడది పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన నాగరిక్ సురక్షా సంహితలో సెక్షన్ 163. అది మెజిస్ట్రేట్ రాతపూర్వకంగా, కారణాలతో ఇవ్వాల్సిన ఉత్తర్వు. మామూలుగా రెండు నెలలకు మించి ఉండదు. ఇలాంటి ఉత్తర్వులను ప్రచురించాలని 2020లో అనూరాధా భాసిన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి "144 ఉంది" అంటే కాపీ అడగండి.

ఇక అనుమతి కోసం పోలీసులకు ఇచ్చే అర్జీ. ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. "శాంతియుత ర్యాలీకి అనుమతి కోరుతున్నాము" అని రెండు లైన్లు రాసి ఇస్తే తిరస్కరించడానికి కారణం మనమే చేతికి ఇచ్చినట్టు. డీఎస్పీ పేరున రాసి సీఐకి కాపీ పెట్టండి, కనీసం వారం ముందు. మొదలయ్యే టైము, ముగిసే టైము, దారిలో వచ్చే ప్రతి సెంటరు పేరు, ఎంతమంది వస్తారు, వాహనాలు ఎన్ని, బాధ్యులు ముగ్గురి పేర్లు, ఫోన్లు, వాలంటీర్లు ఎంతమంది అన్నీ ఉండాలి. రోడ్డుకు ఎడమ పక్కనే నడుస్తామని, అంబులెన్సుకు దారి వదులుతామని రాయండి. జనం సంఖ్య తగ్గించి రాయొద్దు. 100 అని రాసి 600 మంది వస్తే షరతు తప్పింది మీరే అవుతారు. హైవే జోలికి వెళ్లొద్దు. సోమవారం కలెక్టరేట్‌లో గ్రీవెన్స్ (జనం అర్జీలు తీసుకునే కార్యక్రమం) ఉంటుంది, జనం కిటకిటలాడతారు, వేరే రోజు పెట్టుకోండి. మైకు సంగతి విడిగా అడగండి. ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ 100 మీటర్ల లోపల దాన్ని ఆపేయాలి.

రెండు ప్రతులు తీసుకెళ్లి ఒకదాని మీద తేదీతో స్టాంపు వేయించుకోండి. తీసుకోకపోతే స్పీడ్ పోస్టులో పంపి రశీదు దాచండి. నోటిమాటగా కాదంటే, కారణాలు రాసివ్వమని మరో కాగితం పెట్టండి. ఆ కాగితాలే రాజ్యాంగంలోని 226 అధికరణ కింద హైకోర్టులో రిట్ (హక్కు కాపాడమనే పిటిషన్) వేయడానికి ఆధారం. ఇలాంటివాటిలో కోర్టు దారి, టైము, జనం సంఖ్య మీద షరతులు పెట్టి అనుమతి ఇవ్వడం తరచూ జరిగేదే.

అనుమతి లేకుండా బయల్దేరుదామా అంటే వద్దనే అంటాను. అదే పోలీసు చట్టం సెక్షన్ 32 కింద జరిమానా 200 రూపాయలకు మించదు, నిజమే. కానీ దారి అడ్డగించారని, ఉత్తర్వు ధిక్కరించారని న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చింది) కింద పెట్టే కేసులు అంతటితో పోవు, వాయిదాలకు తిరగాలి.

పౌరుల బాధ్యతల గురించీ అడిగారు. 1976లో 42వ రాజ్యాంగ సవరణతో వచ్చిన, ప్రాథమిక విధులు చెప్పే 51ఏ అధికరణ కింద నేరుగా ఎవరినీ శిక్షించలేరు. కానీ ప్రభుత్వ ఆస్తిని కాపాడాలి, హింసకు దిగకూడదు అన్న 51ఏ(ఐ) వెనక 1984 నాటి ప్రభుత్వ ఆస్తుల నష్ట నివారణ చట్టం ఉంది. మంచినీటి సరఫరాకు వాడే ఆస్తిని పాడుచేస్తే ఆర్నెల్ల నుంచి ఐదేళ్ల దాకా జైలు. నీళ్ల కోసం వెళ్తున్నవాళ్లు కోపంతో వాల్వు పగలగొట్టినా ఇదే సెక్షన్. వాలంటీర్లను ముందుగా నిలబెట్టాల్సింది అక్కడే.