ఇల్లు చూడటానికి వెళ్తున్నారా? ముందు బీరువా వెనక చూడండి

"వచ్చే వారం ఒక పాత ఇల్లు చూడటానికి వెళ్తున్నాం, కొనడం ఇదే మొదటిసారి, బ్రోకర్ అరగంటే టైమ్ ఇచ్చాడు, ఏమేం చూడాలి" అని అడిగారు. నేను ఇప్పటికి రెండు ఇళ్లు కొన్నాను. మొదటిది చూడటానికి వెళ్లినప్పుడు హాల్లో పడే ఎండా వంటగది టైల్సూ చూసి మురిసిపోయి వచ్చేశాం. రెండోదానికి మాత్రం టార్చిలైటు, టేపు పట్టుకుని వెళ్లాను. మధ్యలో ఏం జరిగిందో చెబితే మీకే అర్థమవుతుంది.

ఆ మొదటి ఇంట్లో పడగ్గదిలో ఒక్క గోడకే కొత్త రంగు వేసి ఉంది. దానికి ఆనించి పెద్ద బీరువా. మిగతా మూడు గోడలు పాత రంగులోనే ఉన్నాయి కదా, దీనికే ఎందుకు వేశారని నాకు తట్టనే లేదు. మేం చేరాక మా బీరువా కూడా అక్కడే పెట్టాం. వానలు పట్టిన కొన్నాళ్లకు బట్టలన్నీ ముక్క వాసన. బీరువా జరిపితే వెనక గోడంతా నల్లటి బూజు, రంగు బుడగలు బుడగలుగా లేచి, గోరు తగిలితే పెచ్చులు ఊడి వస్తోంది. బయటికి వెళ్లి చూస్తే మేడ మీది వాన నీళ్లు దించే గొట్టం జాయింటు దగ్గర పగిలి, నీళ్లన్నీ ఆ గోడ మీదికే కారుతున్నాయి. గొట్టం మార్చడానికి ఒక పూట పట్టింది. గోడ ఆరి, ప్లాస్టరింగ్ చెక్కి మళ్లీ వేసి, రంగు వేసేసరికి నాలుగు నెలలు.

అందుకని నా లెక్కలో చెమ్మదే మొదటి స్థానం. అది ఎక్కడ కనిపిస్తుందో చూస్తే ఎందుకొచ్చిందో చాలావరకు తెలుస్తుంది. నేల దగ్గర మొదలై మీటరు ఎత్తు వరకు పాకి, పైన గీత గీసినట్టు ఆగి, తెల్లగా ఉప్పు పొడి రాలుతుంటే అది నేలలోంచి పైకి ఎక్కుతున్న తేమ కావచ్చు. గోడలో గానీ సీలింగ్‌లో గానీ ఒకే చోట మరకగా ఉంటే ఏదో పైపో పైకప్పో కారుతోందని. గది మూలల్లో, కిటికీల చుట్టూ, సామాను వెనక నల్లటి చుక్కలుంటే సాధారణంగా గాలి ఆడక వచ్చేది. ఈ మూడోది కిటికీలు తీసి ఉంచుకుంటే, ఒక ఫ్యాన్ పెట్టుకుంటే చాలావరకు దారికొస్తుంది. రెండోది ఎక్కడ కారుతోందో దొరికితే బాగు చేయించుకోవచ్చు. మొదటిదైతే మాత్రం తెలిసిన ఇంజనీరుకు చూపించకుండా నేను అడ్వాన్స్ ఇవ్వను. ఇంకో మాట, తలుపు తీయగానే ముక్కుకు పని చెప్పండి. కాసేపుంటే ఏ వాసనైనా అలవాటైపోతుంది, కాబట్టి మొదటి నిమిషంలో వచ్చిందే అసలు వాసన. ఇల్లంతా రూమ్ ఫ్రెషనర్ గుప్పుమంటుంటే నాకైతే అనుమానమే.

తర్వాత నీళ్లు. మొహమాటపడకుండా వంటగది ట్యాపు, బాత్రూమ్‌లో షవరు ఒకేసారి తిప్పి, ఫ్లష్ కూడా నొక్కండి. షవరు దారంలా సన్నబడితే ప్రెషర్ చాలదు. పది లీటర్ల బకెట్ నిమిషంలోపు నిండితే ఫరవాలేదు. సింకు నింపి ఒక్కసారిగా వదలండి. నీళ్లు గుడగుడమంటూ మెల్లగా దిగితే డ్రైనేజీ ఎక్కడో అడ్డుపడుతోందని. సింకు కింది కప్‌బోర్డు తలుపు తీసి పైపు జాయింట్ల చుట్టూ చెయ్యి పెట్టి తడమండి. అడుగు చెక్క ఉబ్బి ఉందంటే అక్కడ ఎప్పటినుంచో కారుతున్నట్టే. వాటర్ మీటరుంటే అన్ని ట్యాపులూ కట్టేసి దాన్ని చూడండి. అయినా ముల్లు కదులుతుంటే నీళ్లు ఎక్కడికో పోతున్నాయి.

పగుళ్లు చూసి ప్రతిదానికీ టెన్షన్ పడక్కర్లేదు. వెంట్రుకవాసి గీతలు ప్లాస్టరింగ్‌లో మామూలే. తలుపు, కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పోయేవి, ఇటుకల వెంబడి మెట్లు మెట్లుగా దిగేవి, ఒక కొస సన్నగా ఇంకో కొస వెడల్పుగా ఉండేవి చూసుకోవాలి. 5 మిల్లీమీటర్లు దాటితే ఇంజనీరు చూడాల్సిందే. తలుపులన్నీ ఒకసారి వేసి తీయండి. పట్టేస్తున్న తలుపులు, పై అంచు కోసి సరిచేసిన తలుపులు ఇల్లు కుంగిందేమో చూసుకోమని చెబుతున్నట్టే.

కరెంటుకు నాది ఒకటే చిట్కా. ఫోన్ ఛార్జర్ పట్టుకెళ్లి గదిగదికీ ప్లగ్గులో పెట్టి చూడండి. నల్లగా మాడిన మరకలుంటే అందులో పెట్టకండి, దాని గురించి అడగండి.

బ్రోకర్లు మాట్లాడుతూనే ఉంటారు, అది వాళ్ల పని. "ఒక్క ఐదు నిమిషాలు అందరం మాట్లాడకుండా ఉందామా" అని అడిగి కిటికీలు తెరిచి నిలబడండి. రోడ్డు చప్పుడు, పై అంతస్తులో నడక, పక్కింటి మోటారు అన్నీ అప్పుడే వినిపిస్తాయి. నచ్చితే ఇంకోసారి రాత్రిపూట వెళ్లండి, కుదిరితే వాన పడిన మర్నాడు. పగలు ఖాళీగా కనిపించిన వీధిలో రాత్రి బండి పెట్టుకునే చోటు కూడా ఉండకపోవచ్చు.

"ఎందుకు అమ్ముతున్నారు" అని అందరూ అడుగుతారు కాబట్టి దానికి జవాబు ముందే సిద్ధంగా ఉంటుంది. దానికి బదులు "చివరిసారి ఈ ఇంట్లో ఏం రిపేరు చేయించారు, బిల్లు ఉందా" అని అడగండి. టేపుతో మెట్ల మలుపు వెడల్పు కూడా కొలుచుకోండి. మా మంచం మొదటి ఇంట్లో మెట్ల దగ్గర ఇరుక్కుపోయి, కాళ్లు కోయించాల్సి వచ్చింది.

అరగంటలో ఇవన్నీ కుదరకపోతే చెమ్మ, నీళ్లు మాత్రం వదలకండి. బీరువా జరపమంటే ఏమనుకుంటారో అని ఆగిపోకండి. రెండో ఇంట్లో నేను అడిగితే ఆ ఇంటావిడే వచ్చి ఓ చెయ్యి వేసింది. వెనక గోడకు దుమ్ము, ఒక పాత సాలెగూడు తప్ప ఏమీ లేవు. ఇప్పుడు మేం ఉంటున్నది ఆ ఇంట్లోనే.