ఇంటి నిండా సరుకులున్నా అత్యవసర నిధి ఉన్నట్టు కాదు

ప్రశ్న: మా ఇంట్లో నలుగురం, సంపాదించేది నేనొక్కడినే. ఆరు నెలలుగా ఏ పూట ఏం వండాలో నెల మొత్తానికి ముందే రాసుకొని, సరుకులన్నీ ఒకేసారి తెచ్చుకుంటున్నాం. తిండి ఖర్చు దాదాపు పదో వంతు తగ్గింది. మూడు నెలలకు సరిపడా కొంటే మరో 10 శాతం రాయితీ ఇస్తామంటున్నారు. ఆ మొత్తాన్ని క్రెడిట్ కార్డు మీద మూడు వాయిదాల్లో కట్టాలనుకుంటున్నాను. అత్యవసర నిధి అంటూ విడిగా ఏమీ లేదు కానీ, ఇంట్లో సరుకులుంటే అదే ఒక ధైర్యం కదా? నిల్వ కోసం పెద్ద ఫ్రీజర్ కూడా కొనమంటారా?

జవాబు: నెల వంటలను ముందే ఆలోచించుకొని, ఆరు నెలల పాటు ఆ పద్ధతిని వదలకుండా పాటించినందుకు ముందుగా మీ కుటుంబాన్ని మెచ్చుకోవాలి. అయితే మీ ప్రశ్నను ఇక్కడ తీసుకున్నది అందుకు కాదు. ఖర్చు తగ్గించుకోవడం చేతనైన కుటుంబాలు కూడా ఆ తగ్గిన డబ్బును ఎక్కడా నిలవ చేయకపోవడం, పైగా మరింత పొదుపు పేరుతో అప్పులోకి దిగడం నేను తరచుగా చూస్తున్న పొరపాటు. మూడు నెలల సరుకులను వాయిదాల మీద కొనకండి. ఇంట్లోని నిల్వను అత్యవసర నిధిగా లెక్కించకండి.

రెండో విషయమే ముఖ్యమైనది కనుక ముందు దాని సంగతి చూద్దాం. మీ తప్పనిసరి ఖర్చుల్లో తిండి వాటా 30 శాతం అనుకోండి. మూడు నెలలకు సరిపడా సరుకులు ఇంట్లో ఉన్నప్పుడు మీ జీతం ఆగిపోతే, ఆ మూడు నెలల అవసరాల్లో తీరేది ఆ 30 శాతం మాత్రమే. ఇంటి అద్దె, పిల్లల ఫీజులు, కరెంటు బిల్లు, మందులు, పాత అప్పుల వాయిదాలు కలిపి మిగిలిన 70 శాతం యథాతథంగా మీ ముందుంటుంది, అందులో దేనినీ బియ్యంతోనో నూనెతోనో చెల్లించలేరు. చేతిలో ఉన్న కాస్త నగదును కూడా సరుకుల మీదే పెట్టి ఉంటే, ఆ రోజున మీరు ఇప్పటికంటే బలహీనమైన స్థితిలో ఉంటారు. ఒక్కరి సంపాదన మీద నలుగురు ఆధారపడిన ఇంటికి కనీసం ఆరు నెలల తప్పనిసరి ఖర్చులకు సరిపడా డబ్బు, ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకోగలిగే ఖాతాలో ఉండాలి. ఈ విషయంలో నేను రాజీపడను.

ఇక రాయితీ లెక్క. కార్డు వడ్డీ నెలకు 3 శాతం ఉందనుకొని, మొత్తాన్ని మూడు సమాన వాయిదాల్లో తీరిస్తే, వడ్డీయే అప్పులో 6 శాతం అవుతుంది. 10 శాతం రాయితీలో మీకు మిగిలేది సుమారు నాలుగున్నర శాతం, వాయిదాల రుసుము ఏదైనా ఉంటే అదీ అందులోంచే పోతుంది. మూడు నెలల నిల్వలో ఇరవయ్యో వంతు పురుగు పట్టినా, గడువు దాటినా, ఇంట్లో ఎవరికీ నచ్చక పక్కన పడినా ఆ కాస్త లాభం కూడా మిగలదు. ఇరవయ్యో వంతు వృథా అన్నది అసాధారణమేమీ కాదు. 2022లో ప్రపంచవ్యాప్తంగా వినియోగదారులకు అందుబాటులో ఉన్న ఆహారంలో 19 శాతం వృథా అయిందనీ, ఆ వృథాలో 60 శాతం ఇళ్లలోనే జరిగిందనీ ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024లో ప్రచురించిన నివేదిక అంచనా వేసింది.

ఇదంతా మీరు మూడు వాయిదాలనూ సక్రమంగా కట్టినప్పటి మాట. ఒక్క నెల తడబడి, కనీస చెల్లింపుతో సరిపెట్టడం మొదలైతే ఏం జరుగుతుందో చూడండి. నెలకు 3 శాతం వడ్డీ పడుతూ, బాకీలో 5 శాతం చొప్పున మాత్రమే కడుతూ పోతే, ఆ కార్డు మీద కొత్తగా ఏమీ కొనకపోయినా ఏడాది తరువాత అసలు బాకీలో దాదాపు 77 శాతం అలాగే ఉంటుంది. తిని ఏడాది దాటిన భోజనానికి ఇంకా వడ్డీ కట్టడం ఏ లెక్కలో పొదుపు అవుతుందో నాకు అర్థం కాదు. పైగా చాలా కార్డుల్లో పాత బాకీ పూర్తిగా తీర్చనంత కాలం కొత్త కొనుగోళ్లకు వడ్డీ లేని గడువు వర్తించదు, అంటే వచ్చే నెల సరుకులకు కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. రోజూ తినే తిండి కోసం అప్పు చేయవలసి వస్తే కొనుగోలును తగ్గించుకోవాలి తప్ప, అప్పును వాయిదాలుగా విడగొట్టి చిన్నదిగా కనిపించేలా చేసుకోకూడదు.

మీ ప్రశ్నలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆలోచింపజేసింది మీరు రాయకుండా వదిలేసిన విషయం. ఆరు నెలలుగా తిండి ఖర్చు పదో వంతు తగ్గిందన్నారు, ఆ డబ్బు ఎక్కడుంది? తిండి వాటా 30 శాతం అనుకుంటే, తగ్గినది నెల ఖర్చులో 3 శాతం, ఆరు నెలలకు 18 శాతం. అది ఏ ఖాతాలోనూ కనిపించడం లేదంటే మరేదో ఖర్చులో కలిసిపోయిందన్న మాట. అందువల్ల జీతం పడిన రోజునే, సరుకుల దుకాణానికి వెళ్లకముందే, ఆ 3 శాతాన్ని విడి ఖాతాలోకి మార్చండి. అయితే దీనితోనే నిధి నిండుతుందని ఆశపడవద్దు, ఎందుకంటే ఈ లెక్కన ఒక్క నెల ఖర్చులకు సరిపడా కూడబెట్టడానికే సుమారు 33 నెలలు పడుతుంది. మరో 7 శాతాన్ని ఇతర ఖర్చుల నుంచి తగ్గించి మొత్తం 10 శాతం చేయగలిగితే ఆ మొదటి మజిలీకి పది నెలల్లో చేరుకుంటారు. బోనసు వంటివి వస్తే అవీ ముందు అందులోకే వెళ్లాలి. నెల పట్టిక వల్ల మీకున్న అసలైన మేలు ఇంకొకటి ఉంది. తప్పనిసరి ఖర్చు ఎంతో మీకు ఇప్పుడు ఊహగా కాక కచ్చితంగా తెలుసు కనుక, నిధి ఎంత ఉండాలో కూడా కచ్చితంగా చెప్పుకోగలరు.

పట్టికలోనే ఒక లోపం చాలా ఇళ్లలో కనిపిస్తుంది. నెలంటే నాలుగు వారాలని లెక్కవేస్తారు. పన్నెండు నెలలకు అలా 48 వారాలే వస్తాయి, కానీ ఏడాదిలో 52 వారాలుంటాయి. లెక్కలోకి రాని ఆ నాలుగు వారాల తిండి ఖర్చు నెలాఖరు రెండు మూడు రోజుల రూపంలో వచ్చి కార్డు మీద పడుతుంది. వారపు ఖర్చును 52తో గుణించి, 12తో భాగించి నెల మొత్తాన్ని నిర్ణయించుకోండి. ధాన్యాలు, నూనె, సబ్బుల వంటి నిలవ ఉండే సరుకులకే నెల కొనుగోలును పరిమితం చేసి, పాలు, కూరగాయలు, పండ్లకు వారం వారం విడిగా డబ్బు పక్కన పెట్టుకోండి. ముప్పై రోజులకూ పట్టిక నింపకుండా నాలుగైదు రోజులు ఖాళీగా వదిలితే మిగిలిపోయిన వంటకాలు, అనుకోని ప్రయాణాలు అందులో సర్దుకుంటాయి. జాబితా రాసే ముందు ఇంట్లో ఏమున్నదో చూసుకొని, గడువు దగ్గరపడిన వాటితోనే మొదటి వారం వంటలు వేసుకోండి.

ఆరోగ్య బీమా, మీ పేరున జీవిత బీమా లేకపోతే నిధితో పాటే తీసుకోండి. పెట్టుబడుల ఆలోచనను నిధి సగమైనా నిండేదాకా వాయిదా వేయవచ్చు. ఫ్రీజర్ ఇప్పుడు వద్దు. ఒక నెల ఖర్చులకు సరిపడా డబ్బు ఖాతాలో చేరాక కూడా అది అవసరమనిపిస్తే, కరెంటు ఖర్చును కూడా లెక్క వేసుకొని, అప్పు లేకుండా కొనండి. కార్డు మీద ఇప్పటికే బాకీ ఉంటే చేతిలో కొద్దిపాటి నగదు ఉంచుకొని, పైన చెప్పిన 10 శాతాన్ని మొదట దానికే మళ్లించి పూర్తిగా తీర్చేయండి. అంతవరకు సరుకులను ఖాతాలో ఉన్న డబ్బుతోనే కొనండి.