ఆయన హాల్లో ఉంటారు

ప్రశ్న: నా వయసు 34. పెళ్లయి తొమ్మిదేళ్లు. మా వారు కోపం వస్తే అరవరు, మాట మానేస్తారు. ఒక్కోసారి నాలుగు రోజులు. ఆ నాలుగు రోజులూ నేనేం తప్పు చేశానా అని వెతుక్కుంటూ ఉంటాను. ఆరు వారాలుగా ఒక థెరపిస్టుతో ఆన్‌లైన్‌లో మాట్లాడుతున్నాను. మంచి మనిషే. కానీ ఎప్పుడూ ప్రశ్నలే తప్ప ఏం చేయాలో చెప్పరు. నేను పడకగదిలో కూర్చుంటాను, ఆయన హాల్లో ఉంటారు. అసలు విషయానికి వచ్చేసరికి సమయం అయిపోతుంది. మానేద్దామనుకుంటున్నాను. తెర మీది మనిషితో మనసు విప్పడం కుదిరే పనేనా?
– పేరు వేయవద్దు

జవాబు: కుదురుతుంది. అయితే మీ ఉత్తరంలో మీరు మామూలుగా రాసేసి దాటిపోయిన మాట దగ్గర నేను ఆగిపోయాను: ‘ఆయన హాల్లో ఉంటారు.’ ఎవరి గురించి చెప్పుకోవాలో ఆ మనిషే తలుపు అవతల ఉంటే గొంతు దానంతట అదే తగ్గుతుంది. గొంతుతో పాటు విషయమూ తగ్గుతుంది. ‘నాలుగు రోజులు మాట్లాడలేదు’ అన్నది ‘ఈ వారం కాస్త ముభావంగా ఉన్నారు’ అయిపోతుంది. మీ థెరపిస్టు దగ్గరికి చేరింది ఆ ముభావమే.

నేనూ వీడియోలో కౌన్సెలింగ్ చేస్తాను. ఒకావిడ మూడు నెలల పాటు అలమరకు ఆనుకుని కూర్చుని, నవ్వుతూ, అన్నీ బాగున్నాయన్నట్టే మాట్లాడారు. (ఆమె అనుమతితోనే చెబుతున్నాను.) ఒక రోజు ఆగి ఉన్న కారులోంచి ఫోను చేశారు. అద్దాలు ఎత్తేసి, ఫోనును స్టీరింగుకు ఆనించి. పది నిమిషాల్లో ఏడ్చేశారు. నేను కొత్తగా చేసిందేమీ లేదు, ఆమె కూర్చున్న చోటు మారింది, అంతే. మీకు కారు లేకపోతే ఇయర్‌ఫోన్లు పెట్టుకుని బయట నడుస్తూ మాట్లాడండి. వీడియో ఆపేసి గొంతుతోనే మాట్లాడతానంటే చాలామంది థెరపిస్టులు ఒప్పుకుంటారు. తెర మీద మీ ముఖం మీకే కనిపిస్తూ ఉంటే దాన్నీ దాచేయండి. అద్దం ముందు కూర్చుని ఎవరు ఏడవగలరు?

ఇక సలహా ఇవ్వడం లేదన్న ఫిర్యాదు. అందులో సగం న్యాయం ఉంది. సలహా ఇవ్వకుండా, ఎదుటి మనిషి తన దారి తానే కనుక్కునేలా వినే పద్ధతిని కార్ల్ రోజర్స్ అనే మనస్తత్వవేత్త 1940లలో ప్రచారంలోకి తెచ్చారు. అదే మీ థెరపిస్టు పద్ధతి కావచ్చు. 1960లలో ఆరన్ బెక్ అనే మానసిక వైద్యుడు మొదలుపెట్టిన పద్ధతి వేరు. ‘ఆయన మాట్లాడలేదు, కాబట్టి తప్పు నాదే’ అన్న ఆలోచనను కాగితం మీద పెట్టించి, దానికి ఆధారమేమిటని అడుగుతారు, ఇంటి పనీ ఇస్తారు. మీకు ఏది కావాలో ఆమెకు చెప్పారా? ఎడ్వర్డ్ బోర్డిన్ అనే మనస్తత్వవేత్త 1979లో, థెరపీ నిలబడాలంటే ఇద్దరి మధ్య మూడు ఉండాలన్నారు: ఎక్కడికి చేరాలన్న ఒప్పందం, అందుకు ఏం చేయాలన్న ఒప్పందం, అనుబంధం. ‘మంచి మనిషే’ అన్నారు కాబట్టి మూడోది మీకుంది. మొదటి రెండింటి గురించి మీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు.

మీ వారి మౌనం గురించి ఒక్క మాట. మనిషి కోపంతో ఉక్కిరిబిక్కిరైనప్పుడు కాసేపు మాట ఆపడం మంచిదే. దాంపత్యాలపై దశాబ్దాలు పరిశోధన చేసిన జాన్ గాట్‌మన్ అందుకు కనీసం 20 నిమిషాలు ఇవ్వమంటారు. తిరిగి వచ్చి మాట్లాడాలన్న షరతు మీద. నాలుగు రోజులు ఆ లెక్కలోకి రావు. ఆ మౌనంలో మీకు భయం కూడా ఉంటే అది వేరే సంగతి, ఆ భయాన్నే ముందు ఆమెకు చెప్పండి.

ఆఖరి నిమిషాల్లో అసలు మాట బయటపడటం మీ ఒక్కరికే కాదు. లేచి తలుపు మీద చెయ్యి వేశాక చెప్పేవాళ్లు మా గదుల్లో ఎప్పుడూ ఉన్నారు. చెప్పేసి వెంటనే వెళ్లిపోవచ్చుగా! ఇప్పుడు ఆ తలుపు బదులు ఎర్ర బటన్ వచ్చింది.

అందుకని వచ్చే వారం పలకరింపులు అవగానే ఈ ఉత్తరం తీసి, నాకు రాసింది రాసినట్టు ఆమెకు చదివి వినిపించండి. ఆ తర్వాత రెండు మూడు సార్లు మాట్లాడాక కూడా ఏమీ కదలకపోతే నిరభ్యంతరంగా మరొకరిని వెతుక్కోండి. చదివేటప్పుడు ‘మానేద్దామనుకుంటున్నాను’ అన్న వాక్యం మాత్రం దాటేయకండి.