కణానికీ ఒత్తిడేనా?

సందేహం: రక్తకణాల మీద జరిగే పరిశోధనల గురించి వ్యాసం రాస్తున్నాను. ‘ప్రయోగశాలలో రక్షణ కణాలను ఒత్తిడికి గురిచేశారు’ అని రాస్తే, చదివిన మిత్రుడు ‘కణానికి మనసుందా? లేక దాన్ని పట్టుకుని నొక్కారా?’ అని అడిగాడు. పీడనం అంటే నయమా? అసలు అది ఒత్తిడా, వత్తిడా?

సమాధానం: చివరి ప్రశ్న ముందు తేల్చేద్దాం. ఒత్తిడే సరైన రూపం. దోచు నుంచి దోపిడి, తాకు నుంచి తాకిడి వచ్చినట్టే ఒత్తు నుంచి ఒత్తిడి వచ్చింది. దీపంలో వేసే వత్తి వేరు. అది సంస్కృతంలోని ‘వర్తి’కి మారిన రూపం కాబట్టి అక్కడ వకారం న్యాయం. వత్తిడి అన్న రాత అచ్చులో కనిపిస్తూనే ఉంటుంది గానీ, నా చేతికొస్తే దిద్దుతాను.

పీడనం వద్దు. గాలి, నీరు ఒక తలం మీద నొక్కే బలానికి భౌతికశాస్త్రంలో ఆ మాట స్థిరపడిపోయింది. కడ్డీని లాగితే దాని లోపల పుట్టేది ప్రతిబలం. ఇంగ్లీషులో ఆ ప్రతిబలానికీ, పరీక్షల ముందు పడే టెన్షన్‌కీ ఒకటే మాట, స్ట్రెస్. తెలుగులో విడివిడిగా పేర్లుండటం మనకు కలిసొచ్చిన సంగతి. దాన్ని పోగొట్టుకోవద్దు.

ఇక మనసు సంగతి. స్ట్రెస్ అన్న మాటను వైద్యంలో వ్యాప్తిలోకి తెచ్చినవాడు హాన్స్ సెల్యే అనే శాస్త్రవేత్త. ఆయన 1936లో ప్రకటించిన ప్రయోగాల్లో ఎలుకలను చలికి, గాయాలకు, మితిమీరిన శ్రమకు, విషపదార్థాలకు గురిచేశాడు. కారణం ఏదైనా లోపల జరిగింది ఒకటే. మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు పెద్దవయ్యాయి, కడుపులో పుండ్లు పడ్డాయి, థైమస్ కుంచించుకుపోయింది. థైమస్ అంటే రక్షణ కణాల్లో, అంటే తెల్లకణాల్లో, ఒక ముఖ్యమైన జాతి, టి కణాలు, పరిణతి పొందే చోటు. అంటే వైద్యంలో ఈ మాట వ్యాప్తిలోకి వచ్చినప్పటి నుంచీ శరీరానికి సంబంధించినదే. కణానికి ఒత్తిడి అనడంలో తప్పేమీ లేదు.

అయినా మీ మిత్రుడి ఇబ్బంది నిజమైనదే. మీ వాక్యంలో ఏ ఒత్తిడో లేదు. మనిషిని ఒత్తిడికి లోనుచేసి ఆ తర్వాత రక్తం తీశారా? లేక ముందే రక్తం తీసి, విడదీసిన కణాలను గాజుపాత్రలో పెట్టి వేడి చేశారా? రెండూ జరుగుతాయి, రెండూ పూర్తిగా వేర్వేరు ప్రయోగాలు. మొదటిదానికి ‘ఒత్తిడికి లోనైన మనిషి రక్తంలో’ అనండి. రెండోదానికి ఆ ఒత్తిడి పేరే పెట్టండి: వేడి, ఉప్పు గాఢత, ఆక్సిజన్ లేమి. ‘తెల్లకణాలను 42 డిగ్రీల వేడిలో ఉంచారు’ అంటే ఎవరికీ అనుమానం రాదు. ఆ వేడికి కణం కొన్ని ప్రత్యేకమైన ప్రోటీన్లను గబగబా తయారుచేసుకుని, చెడిపోతున్న మిగతా ప్రోటీన్లను కాపాడుకుంటుంది. దీన్ని ప్రతిస్పందన అనడం చక్కగా నప్పుతుంది.

కానీ ఎర్రకణం దగ్గర ఆ మాట నాకు పెద్దదనిపిస్తుంది. 0.9 శాతం ఉప్పునీటిలో అది మామూలుగానే ఉంటుంది. ఉప్పు ఎక్కువైతే లోపలి నీరు బయటికి పోయి ముడుచుకుంటుంది. ఒట్టి నీళ్లలో వేస్తే ఉబ్బి పగిలిపోతుంది. పరిణతి చెందిన ఎర్రకణానికి కేంద్రకం లేదు, కొత్త ప్రోటీన్ తయారుచేసుకోలేదు. ‘ఒత్తిడికి ప్రతిస్పందించింది’ అని బరువుగా రాయడం కంటే ‘ముడుచుకుంది’, ‘పగిలింది’ అనండి. కళ్లకు కట్టినట్టుంటుంది.

మీరు అడగకపోయినా ఇంకొక్కటి చెప్పాలి, ఎందుకంటే ఇలాంటి వ్యాసాల్లో పాఠకుడు ఎక్కువగా తప్పుదారి పట్టేది ఇక్కడే. ‘ఒత్తిడి వల్ల తెల్లకణాలు పెరిగాయి’ అని రాస్తుంటారు. పెరిగాయంటే లావయ్యాయా? కొత్తగా పుట్టాయా? హఠాత్తుగా భయమేస్తే అడ్రినలిన్ అనే హార్మోన్ ప్రభావంతో, రక్తనాళాల గోడలను అంటిపెట్టుకుని ఉన్న న్యూట్రోఫిల్స్ అనే రకం తెల్లకణాలు ఊడి ప్రవాహంలోకి వస్తాయి. అవి పాతవే, కొన్ని నిమిషాల్లో లెక్కలోకి వచ్చాయంతే. అలాగే కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ పెరిగినప్పుడు రక్తంలో లింఫోసైట్లు అనే మరో రకం తెల్లకణాలు తగ్గుతాయి. ‘నశించాయి’ అని రాస్తే తప్పు. వాటిలో చాలా భాగం ఎముక మజ్జ వంటి చోట్లకు వలసపోతాయి. అందుకే ‘రక్తంలో వాటి సంఖ్య పెరిగింది’, ‘రక్తంలో వాటి సంఖ్య తగ్గింది’ అనాలి. ‘రక్తంలో’, ‘సంఖ్య’ అన్న ఈ రెండు మాటలూ విడిచిపెట్టవద్దు.

రక్తపోటును మాత్రం రక్తపోటుగానే ఉంచండి. ఒత్తిడి గురించిన వ్యాసంలో ‘రక్తం ఒత్తిడి’ అని రాస్తే మీ మిత్రుడు మళ్లీ అడుగుతారు, ఈసారీ ఆయన అడగడం న్యాయమే.