యిడాకీకి శృతి మార్చలేం, గిటారే దిగిరావాలి

"సంప్రదాయ సంగీతాన్ని రాక్‌తో కలిపితే రెండూ చెడిపోవా?" అని అడిగారు.

చెడవు. ఎవరి శృతికి ఎవరు దిగివచ్చారన్నదే లెక్క. యోతు యిండి బ్యాండు 1991లో చేసిన 'ట్రైబల్ వాయిస్' ఆల్బమ్ వినండి. ఉత్తర ఆస్ట్రేలియా ఆర్న్‌హెమ్ ల్యాండ్‌లోని యోల్ఙు ఆదివాసులు వాళ్లు, కొందరు తెల్లవాళ్లూ తోడయ్యారు.

మనం డిడ్జరిడూ అనే ఊదే వాద్యమే వాళ్ల యిడాకీ. చెదలు లోపలంతా తినేసిన యూకలిప్టస్ మాను అది. వేళ్లు పెట్టే రంధ్రాలుండవు. ఒక్కో కొయ్యకు ఒక్కటే మూలస్వరం, దానిపైన 'తూ' అని ఎగిరే పైస్వరం. డప్పులా మంటకు కాచి సరిచేయడం కుదరదు. పాట డి శృతిలో ఉంటే డి పలికే కొయ్య వెతకాలి, లేదంటే గిటార్లన్నీ దానికి శృతి చేసుకోవాలి. పైగా ఏసీ గదిలో ఎండితే పగులుతుంది.

ఇంకో చిక్కు, దాని మూలస్వరం సుమారు 65-90 హెర్ట్జ్‌లో ఉంటుంది. బేస్ గిటారు, కిక్ డ్రమ్ కూడా అక్కడే. మూడూ ఒకేసారి మోగితే మిక్స్ బురదే. యిడాకీ ఉన్నచోట బేస్ తగ్గాలి. మైకు గొట్టం మూతికి ఎదురుగా పెడితే గాలి కొడుతుంది. జానెడు దూరంలో కాస్త పక్కకు పెట్టాలి. పాములోళ్ల నాగసరంలా బుగ్గల్లో గాలి నిలిపి ముక్కుతో పీలుస్తారు. ఆ పీల్పులోంచే లయ పుడుతుంది. రెండు సెకన్లు కోసి లూపు చేస్తే ప్రాణం పోతుంది. మన సినిమా పాటల్లో 'జానపద ఫ్యూజన్' పేరుతో జరిగేది సరిగ్గా అదే.

వీళ్లు ఏది కలపాలో కూడా ఎంచుకున్నారు. మణికాయ్ అనే పవిత్ర సంప్రదాయ గీతాల్లో గొంతు, తాళం వేసే బిల్మా కర్రలు, యిడాకీ మాత్రమే. గిటారు దరిదాపుల్లోకి రాదు. 'ట్రీటీ'లో కలిపింది జట్పంగర్రి. యువకులు సరదాకి పాడి ఆడేదే తప్ప పవిత్ర గీతం కాదు.

ఆ 'ట్రీటీ' కథే వేరు. ట్రీటీ అంటే ఒప్పందం. ఆదివాసులతో అది చేసుకుంటామని ఆస్ట్రేలియా ప్రధాని బాబ్ హాక్ 1988లో బరుంగాలో మాటిచ్చి నిలబెట్టుకోకపోతే పుట్టిన పాట అది. మొదట సింగిల్‌గా వస్తే పట్టించుకున్నవాళ్లు తక్కువ. తర్వాత ఫిల్తీ లూకర్ అనే బృందం చేసిన రీమిక్స్‌లో ఇంగ్లీషు మాటలు చాలావరకు తీసేసి యోల్ఙు భాష గుమాజ్ మాటలు ఉంచారు. అది ఆస్ట్రేలియా చార్టులో 11వ స్థానానికి ఎక్కింది. మాట తప్పారన్న నింద వాక్యాలు పోయాక క్లబ్బులు ఊగాయి! నా ఓటు మాత్రం అసలు పాటకే. అందులో యిడాకీకి ఊపిరాడే చోటుంది.