జీవావరణ శాస్త్రం చదవడానికి జీవశాస్త్రం ఒక్కటే సరిపోతుందా?

డిగ్రీలో వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం చదివానని, గణితం, రసాయన శాస్త్రాల మీద పెద్దగా పట్టు లేదని, అయినా ఎకాలజీలో, అంటే జీవావరణ శాస్త్రంలో, పీజీ చేయవచ్చా అని మీరు అడిగారు. చేయవచ్చు. అయితే జీవుల్ని గుర్తించడం వస్తే చాలన్న నమ్మకంతోనే నేనూ ఆ కోర్సులో చేరాను. ఆ నమ్మకం ఎలా సడలిందో చెబుతాను.

నా ప్రాజెక్టు ఒక చిన్న చెరువు మీద. అందులోని ప్లవకాలను, అంటే నీటిలో తేలియాడే సూక్ష్మజీవులను, లెక్కించడం, నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను వారానికోసారి కొలవడం నా పని. రెండు నెలలపాటు ప్రతిసారీ మధ్యాహ్నమే నమూనాలు తీశాను. ఆక్సిజన్ పుష్కలంగా ఉండటంతో చెరువు ఆరోగ్యంగా ఉందని రాసుకున్నాను. ఒకరోజు ఉదయం చూస్తే చేపలు చచ్చి తేలి ఉన్నాయి. మా గైడ్ నా పట్టికలన్నీ తిరగేసి, ఇవి ఏ వేళప్పుడు తీసినవని మాత్రం అడిగారు.

మర్నాడు తెల్లవారుజామునే చెరువుకు వెళ్లాను. మేము వాడిన వింక్లర్ పద్ధతిలో, గాజు సీసాలో గాలి బుడగ చిక్కకుండా నీరు నింపి, మాంగనీస్ సల్ఫేట్‌ను, క్షారం కలిపిన అయొడైడ్ ద్రావణాన్ని వేస్తాము. ఆక్సిజన్ ఉంటే గోధుమరంగు అవక్షేపం దిగుతుంది, లేకపోతే అది తెల్లగానే ఉండిపోతుంది. మధ్యాహ్నపు సీసాలలో చిక్కటి గోధుమరంగుకు అలవాటుపడిన నాకు, ఆ రోజు టార్చి వెలుగులో సీసా అడుగున దాదాపు తెల్లగా పేరుకున్న పొర ఇప్పటికీ కళ్లకు కట్టినట్లే ఉంది.

పగలు కిరణజన్య సంయోగక్రియతో నీటిని ఆక్సిజన్‌తో నింపిన శైవలాలే (నాచు జాతి జీవులే), రాత్రంతా శ్వాసక్రియకు దానిని వాడేసుకున్నాయి. ఇంతవరకు జీవశాస్త్రమే. కానీ నీరు వేడెక్కేకొద్దీ అందులో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది: 20 డిగ్రీల వద్ద లీటరు మంచినీటిలో సుమారు 9 మిల్లీగ్రాములు కరిగితే, 30 డిగ్రీల వద్ద సుమారు ఏడున్నరే. ఇది భౌతిక రసాయనం. అసలు శైవలాలు అంతగా ఎందుకు పెరిగాయన్నది మరో ప్రశ్న. కెనడాలో ప్రయోగాలకు కేటాయించిన సరస్సులలో 226వ నంబరుదాన్ని 1973లో తెరతో రెండుగా విడదీసి, ఒక భాగంలో కార్బన్, నత్రజని, రెండో భాగంలో వాటితోపాటు ఫాస్ఫరస్ కూడా కలిపితే, ఆ రెండోదే పచ్చగా మారిపోయింది. ఫాస్ఫరస్ ఎరువులలోనూ, మురుగునీటిలోనూ ఉంటుంది గనుక, చెరువు ప్రశ్న అక్కడి నుంచి సేద్యానికి, ఆర్థిక శాస్త్రానికి వెళ్లిపోతుంది. 1866లో జర్మన్ జీవశాస్త్రవేత్త హెకెల్ ఈ శాస్త్రానికి పేరు పెట్టినప్పుడు ఎంచుకున్న, ఇల్లు అనే అర్థమున్న గ్రీకు మాటే ఎకనామిక్స్‌కూ మూలం కావడం నాకు ఎంతో ఇష్టమైన సంగతి.

గణితం విషయానికొస్తే, మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఏడ్రియాటిక్ సముద్రంలో చేపల వేట తగ్గినప్పుడు, వలలో పడినవాటిలో సొరచేపల వంటి పరభక్షకాల వాటా పెరగడాన్ని జంతుశాస్త్రవేత్త డి ఆంకోనా గమనించారు. దానికి కారణాన్ని సమీకరణాలలో చూపినవారు గణితవేత్త వోల్టెరా, 1926లో. అంతకు ఏడాది ముందే అమెరికా శాస్త్రవేత్త లోట్కా విడిగా అవే సమీకరణాలకు చేరుకున్నారు. ఈ శాస్త్రంలో ఇలాంటి కలయికలు అరుదు కాదు.

ఇలాంటి అవకలన (డిఫరెన్షియల్) సమీకరణాలను చూసి మీరు ఇప్పుడే వెనకడుగు వేయనవసరం లేదు, వాటిని కోర్సులో నేర్పుతారు. సంఖ్యాశాస్త్రాన్ని మాత్రం చేరకముందే మొదలుపెట్టండి. నేను శైవలాలను తప్పుగా గుర్తించలేదు, ఆక్సిజన్‌ను తప్పుగా కొలవలేదు. ఒకే వేళలో తీసిన నమూనాలను రోజు మొత్తానికీ ప్రతినిధులుగా భావించాను. నమూనాల ఎంపిక మీద ఒక్క అధ్యాయం శ్రద్ధగా చదివి ఉంటే, మొదటి వారంలోనే ఒక సీసాను రాత్రిపూట నింపి ఉండేవాడిని.